ఇంజన్ కడిగే మందులు: ఏది దేన్ని తింటదో తెలుసుకొని పట్టుకోవాలె

(నల్లగొండలో మెకానిక్కులు, డ్రైవర్లు, ఐటీఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసినది.)

అందరికీ నమస్కారం. షట్టర్ దించి వచ్చిన షెడ్ల అన్నలు, సాగర్ రోడ్డు, మిర్యాలగూడ రోడ్డు మీద బండ్లు తోలే డ్రైవర్ అన్నలు, ఐటీఐ తమ్ముళ్లు, చెల్లెండ్లు. మీ అందరి చేతుల్లోకి రోజూ వచ్చే వస్తువుల గురించే ఈ పూట మాట్లాడుకుందాం. జిడ్డు తీసే డీగ్రీజర్, కార్బ్యురేటర్‌కు కొట్టే కార్బ్ క్లీనర్, బ్రేక్ క్లీనర్, ఆయిల్‌లో పోసే ఇంజన్ ఫ్లష్, రేడియేటర్ లోపట కడిగే రేడియేటర్ ఫ్లష్. వీటితోపాటు దుకాణంలో వేరే పనికి కొని ఇంజన్ మీద పోసే యాసిడ్, కాస్టిక్ సోడా, గ్యాస్‌నూనె, అంటే కిరోసిన్.

ఏ మందైనా ఏదో ఒకదాన్ని కరిగించబట్టే పని చేస్తది. కాని మురికి ఎక్కడ అయిపోయింది, రబ్బరు ఎక్కడ మొదలైంది అన్నది దానికి తెలియదు. అది తెలవాల్సింది డబ్బా పట్టుకున్న మనిషికి. అందుకే డబ్బా మూత తీసేముందు ఒక్క మాట అడుక్కోవాలె: ఇది కారిపోయే దారిలో ఏమేం ఉన్నయి?

బానెట్ ఎత్తి చూడండి. హెడ్డు అల్యూమినియం. థ్రాటిల్ బాడీ, రేడియేటర్, దాని ముందున్న ఏసీ కండెన్సర్ అన్నీ అల్యూమినియమే. ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టాలు, చాలా బండ్లల్ల ప్లాస్టిక్. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ పోయే హోస్ పైపులు ఈపీడీఎం అనే రబ్బరు. ఈ రబ్బరు వేడి నీళ్లకు, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్‌కు గట్టిగ నిలబడతది, పెట్రోలియం నూనెలకు మాత్రం ఉబ్బుతది. గ్యాస్‌నూనెతో తుడిచిన హోస్ ఆ రోజు నల్లగ నిగనిగలాడతది. కొన్ని నెలలకు మెత్తబడి క్లాంపు దగ్గర ఉబ్బి, ఎండాకాలం ఎత్తు రోడ్డు మీద పగుల్తది. అప్పుడు హోస్ పాతదైంది అనుకుంటం తప్ప, మనం తుడిచిన గుడ్డ గుర్తుకు రాదు. పెట్రోలు పైపుల రబ్బరు వేరు, అది పెట్రోలుకు తట్టుకుంటది. చూడటానికి రెండూ నల్లటి పైపులే. అసిటోన్ కలిసిన స్ప్రే ప్లాస్టిక్ కవర్లను, పెయింటును కరిగిస్తది. ఫ్యాన్ బెల్టు మీద ఏ నూనె మందు పడ్డా జారుడు, కూతలు మొదలైతయి. టైమింగ్ బెల్టు మీద పడితే ఇంకా ప్రమాదం, ఆ రబ్బరు పాడై పండ్లు ఊడితే కవాటాలు పోయి పిస్టన్లకు తగుల్తయి.

ముందుగాల నిప్పు సంగతి. పెట్రోలుతో ఇంజన్ కడుగుడు ఇప్పటికీ ఉంది. పెట్రోలుకు ఆవిరి లేవడానికి ఎండ అవసరం లేదు, సున్నా కంటే 40 డిగ్రీలు కింద కూడ అంటుకునేంత ఆవిరి లేస్తది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతది, బండి కింద గుంత ఉంటే అందులో నిండుతది. అందుకే నిప్పు మీ దగ్గర లేకున్నా, పది అడుగుల అవతల వెల్డింగ్ చేస్తున్న తమ్ముని దగ్గర అంటుకొని వెనుకకు వస్తది.

"మేము పెట్రోలు వాడం, గ్యాస్‌నూనె, డీజిలే వాడుతం" అని చాలా మంది ధైర్యంగ ఉంటరు. ఆ ధైర్యం చలికాలానికి సరిపోవచ్చు. కిరోసిన్‌కు, డీజిల్‌కు మన దేశ ప్రమాణం ప్రకారం ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. అంటే ఆ వేడి దాటితే పైన అంటుకునే ఆవిరి తయారు కావచ్చు. మే నెలలో మన నల్లగొండ ఎండ ఎంత? 44, 45. రేకుల షెడ్డు కింద అంతకంటే ఎక్కువ. అంటే ఎండాకాలం డీజిల్ పళ్లెం దగ్గర కూడ పెట్రోలుకు ఉన్నంత భయం పెట్టుకోవాలె. ఇంకో సంగతి: కిరోసిన్, డీజిల్ ఆవిరి 200 పైన ఇంకొన్ని డిగ్రీల వేడికే నిప్పురవ్వ లేకుండ తనంతట తాను అంటుకోగలదు. లోడు మీద వచ్చిన బండి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజన్ పొగ బయటకు వచ్చే గొట్టం, 400 డిగ్రీలు దాటి ఉంటది. హైవే మీద నుంచి దిగిన బండిని అట్లనే ఆపి బానెట్ ఎత్తి బ్రష్షుతో డీజిల్ కొట్టుడు అంటే ఏంటిదో మీరే లెక్క వేసుకోండి.

షెడ్డులో మంటలు ఆర్పే 2 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి, ఇసుక బకెట్ ఒకటి చెయ్యి అందే చోట ఉండాలె. పెట్రోలు మంట మీద నీళ్లు పోయొద్దు, మంట నీళ్ల మీద తేలి పక్కకు పాకుతది. బానెట్ కింద మంట లేస్తే బానెట్ మొత్తం ఎత్తొద్దు. కొంచెం సందు చేసి అందులో నుంచి పౌడర్ కొట్టాలె. మొత్తం ఎత్తితే గాలి తగిలి మంట మొఖం మీదికి వస్తది.

ఇగ బయటి జిడ్డు కడిగే పద్ధతి. దీనికి నీళ్లలో కలిసే డీగ్రీజర్ చాలు. ఇంజన్ ఆపి 30, 40 నిమిషాలు ఆగాలె. చెయ్యి పెడితే గోరువెచ్చగ ఉండాలె, కాలొద్దు. వేడి ఇనుప మానిఫోల్డ్ మీద చల్లటి నీళ్లు పడితే పగులు వస్తది. అది రాకపోయినా మందు వేడికి అక్కడికక్కడ ఆరిపోయి తెల్లటి మరకలు పడతయి, పొగ ఊపిరిలోకి పోతది. బ్యాటరీ నెగిటివ్ తీగె విప్పి పక్కకు పెట్టండి. గాలి పీల్చే మూతి, ఆల్టర్నేటర్, ఫ్యూజు డబ్బా, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), ఇగ్నిషన్ కాయిళ్లు, ఆయిల్ పోసే మూత, డిప్‌స్టిక్ దగ్గర ప్లాస్టిక్ సంచి చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి. ప్లగ్గుల గుంతల్లోకి నీళ్లు దిగితే తెల్లారి బండి మూడు సిలిండర్ల మీద కొట్టుకుంటది, నాలుగోది మిస్ అయితది.

డీగ్రీజర్‌ను సీసా మీద రాసిన పాళ్లలోనే కలపండి. మామూలు జిడ్డుకు ఒక పాలు మందుకు పది పాళ్ల నీళ్లు, బాగా గడ్డ కట్టిన దానికి నాలుగు పాళ్ల నీళ్లు, చాలా కంపెనీలవి ఈ లెక్కకు దగ్గర్లోనే ఉంటయి. చిక్కగ పోస్తే ఎక్కువ పోతదనేది భ్రమ. కింద నుంచి పైకి కొట్టండి, 3 నుంచి 5 నిమిషాలు ఉంచండి, ఆరనియ్యొద్దు, మెత్తటి బ్రష్షుతో రుద్దండి. ఒక వైపు ఆరిపోతుంటే సగం సగం చేసుకోండి. కడగడానికి మామూలు నల్లా పైపు ధార చాలు. ప్రెషర్ వాషర్ నూరు బార్‌లకు పైగా కొడతది. ఆ ధార కప్లర్ (తీగెలు కలిపే జోడు) రబ్బరు సీల్‌ను దాటి పిన్నుల దగ్గరికి నీళ్లను తోస్తది. నీళ్లు కనబడవు, పిన్ను పచ్చబడి రెండు నెలలకు సెన్సర్ తప్పు చూపెడతది, మీరు సెన్సర్ మారుస్తరు, తప్పు పోదు. అయినాక గాలి కొట్టి ఆరబెట్టి, సంచులు తీసి, బ్యాటరీ కలిపి, బానెట్ ఎత్తే ఉంచి 10, 15 నిమిషాలు ఐడిల్ మీద, అంటే రేసు ఇయ్యకుండ, తిప్పండి. ఈ తిప్పుడు ఆరుబయట చెయ్యాలె. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ నిండితే వాసన కూడ తెలియదు.

హైబ్రిడ్ బండ్లల్ల నారింజ రంగు తీగెలు కనబడితే ఆ ఇంజన్ గదికి నీళ్లు, మందు దూరం పెట్టండి. అవి హై వోల్టేజి తీగెలు, వాటి శిక్షణ తీసుకున్న వాళ్ల పని.

మన దిక్కు ప్రత్యేకంగ ఒక మురికి ఉంది. మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల రోడ్డు మీద తిరిగే బండ్లకు జిడ్డు మీద సిమెంటు దుమ్ము కూర్చుంటది. దాని మీద నేరుగ నీళ్లు కొట్టొద్దు. నీళ్లు తగిలిన సిమెంటు గట్టిపడతది, పైగా చాలా క్షారం, అల్యూమినియాన్ని కొరుకుతది. ముందు పొడిగ ఉన్నప్పుడే, మాస్కు పెట్టుకొని, మెత్తటి బ్రష్షు, తక్కువ ఒత్తిడి గాలితో దులిపి, తర్వాత డీగ్రీజర్ పట్టండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర తిరిగే బండ్ల రేడియేటర్ ముందు ఊక పేరుకుంటది. అది రసాయనంతో పోదు. బండి నడుస్తుంటే గాలి ముందు నుంచి వెనుకకు పోతది కదా, మనం వెనుక నుంచి ముందుకు గాలి కొట్టి ఊకను వచ్చిన దారినే పంపాలె. దగ్గర పెట్టి గట్టిగ కొడితే రెక్కలు వంగుతయి, జానెడు దూరం పెట్టండి.

ఇప్పుడు యాసిడ్, కాస్టిక్ గురించి. దీని మీద కొంచెం ఎక్కువ సేపు చెప్త, ఎందుకంటే ఇక్కడ జరిగే నష్టం తిరిగి రాదు.

ఇనుము యాసిడ్‌కు పాడైతది, కాస్టిక్‌కు అంతగ పాడు కాదు. అందుకే పాత ఇనుప బ్లాకులను కాస్టిక్ సోడా తొట్టిలో వేసి ఉడకబెట్టేటోళ్లు. అదే అలవాటు అల్యూమినియం హెడ్డుకు తెచ్చిండ్రు. అల్యూమినియం స్వభావం వేరే, యాసిడ్‌లోనూ కరుగుతది, కాస్టిక్‌లోనూ కరుగుతది. కాస్టిక్‌లో వేస్తే బుడగలు వస్తయి చూడండి, ఆ బుడగలు మురికి పోతున్న గుర్తు కాదు, లోహం పోతున్న గుర్తు. వచ్చేది హైడ్రోజన్ వాయువు, పక్కన బీడీ వెలిగించినా భగ్గుమంటది. పైకి హెడ్డు తెల్లగ మెరుస్తది, కాని గాస్కెట్ కూర్చునే ముఖం మీద సన్నని గుంతలు పడ్డయి. కొత్త గాస్కెట్ వేసినా కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతది. తొట్టి కట్టుకునే షెడ్లు అల్యూమినియానికి పనికొస్తదని రాసి ఉన్న మందే కొనాలె. డబ్బా మీద ఆ మాట లేకుంటే పనికిరాదనే లెక్క.

బాత్రూం కడిగే యాసిడ్ హైడ్రోక్లోరిక్ యాసిడ్. దాన్ని రేడియేటర్‌లో పోసుడు అంటే పల్చటి రేడియేటర్ గొట్టాలకు చేతులారా రంధ్రాలు పెట్టినట్టే. ఆ గొట్టం గోడ మందం అర మిల్లీమీటర్ కూడ ఉండదు. ఇంకో హెచ్చరిక: యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలవొద్దు, ఒక బకెట్‌లో ఒకటి అయిపోయినాక ఇంకోటి కూడ పోయొద్దు. క్లోరిన్ వాయువు లేస్తది, ఊపిరితిత్తులు కాలిపోతయి.

అల్లాయ్ చక్రాలు, అల్యూమినియం బాడీలు తెల్లగ తేల్చే మందులు అమ్ముతరు. వాటిలో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, లేకుంటే అమ్మోనియం బైఫ్లోరైడ్ ఉంటది. ఫ్లోరైడ్ ఎముకలకు ఏం చేస్తదో మన జిల్లాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఈ మందుల ఫ్లోరైడ్ ఏండ్ల తరబడి నీళ్లతో వచ్చేది కాదు, చర్మం గుండా ఒక్కసారి దిగేది. పల్చటిది పడితే మొదట నొప్పి కూడ తెలియదు, గంటల తర్వాత లోపట ఎముక దాకా కాలుతది, రక్తంలో కాల్షియం పడిపోయి గుండె లయ తప్పుతది. ఈ మందు షెడ్డులోకి రానియ్యకుండుడే మంచిది. పొరపాటున పడితే నొప్పి లేకున్నా నీళ్లతో కడుక్కుంటనే దవాఖానకు పోవాలె, పేరు రాసిన సీసా వెంట తీసుకపోవాలె. డాక్టర్లు కాల్షియం గ్లూకోనేట్ పెడతరు, ఏం పడ్డదో తెలిస్తేనే పెట్టగలరు.

రేడియేటర్ లోపలి సంగతి. ఇది మన నీళ్ల కథే. నల్లగొండ నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ అంటరు, పటిక, సున్నం వేసి దాన్ని తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. రేడియేటర్‌కు శత్రువు అది కాదు. బిందె అడుగున తెల్లగ పేరుకునే కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు వేడెక్కితే బైకార్బొనేట్ విడిపోయి సున్నపు పొర హెడ్డు చుట్టూ ఉండే నీళ్ల దారులకు పడతది. ఆ పొర వేడిని దాటనియ్యదు, ఇంజన్ లోపట కాలుతుంటే నీళ్ల ముల్లు మామూలుగనే చూపెడతది. ఇంకా నీళ్లలోని ఉప్పు, అంటే క్లోరైడ్, అల్యూమినియానికి సన్నగ గుంతలు పెడతది. బోరు నీళ్లు పోసిన బండికి రెండు దెబ్బలు ఒకేసారి పడతయి. కృష్ణా నీళ్లు బోరు కంటే మేలే గాని అవీ బ్యాటరీ నీళ్లు కావు. ప్లాంటులో తెచ్చే తాగే నీళ్లూ కావు. డిస్టిల్డ్ నీళ్లు, డీఎం నీళ్లు (లవణాలు తీసేసినవి) మాత్రమే.

ఫ్లష్ చేసే వరుస ఇది. ఇంజన్ పూర్తిగ చల్లారాలె. వేడి మీద మూత తీయొద్దు. మూత సుమారు 1.1 బార్ ఒత్తిడి పట్టుకొని ఉంటది, ఆ ఒత్తిడికి లోపలి కూలెంట్ 120 డిగ్రీల దగ్గరకు పోయినా మరగకుండ ఉంటది. మూత తిప్పిన క్షణం ఒత్తిడి పోయి ఒక్కసారి ఆవిరై మొఖం మీదికి లేస్తది. చల్లారినాక కింద తొట్టి పెట్టి కూలెంట్ దించండి. మంచి నీళ్లు నింపి, సీసా మీద రాసినంత ఫ్లష్ మందు పోసి, హీటర్ మొత్తం వేడి వైపు పెట్టండి. లేకుంటే కొన్ని బండ్లల్ల హీటర్ పైపులో పాత నీళ్లు అట్లనే ఉంటయి. బండి తిప్పండి, పై హోస్ వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. అక్కడి నుంచి 10, 15 నిమిషాలు చాలు. మళ్ళ చల్లారనిచ్చి దించండి. తర్వాత మంచి నీళ్లతో రెండు, మూడు సార్లు, రంగు లేకుండ వచ్చేదాకా. చివరిసారి డిస్టిల్డ్ నీళ్లతోనే. ఫ్లష్ మందు కొంచెం లోపట మిగిలినా కొత్త కూలెంట్‌లోని తుప్పు ఆపే మందును తినేస్తది, కొత్త కూలెంట్ నెలల్లో పాతదైతది. ఇగ సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ నీళ్లు. ఆకుపచ్చది, ఎర్రది రంగు చూసి కలపొద్దు, రంగుకు ప్రమాణం లేదు. సీసా మీద రాసిన రకం చూడాలె. కలవని రకాలు కలిస్తే జిగురు గడ్డలు వస్తయి.

నిమ్మ ఉప్పు మంచిదే కదా అని కొందరు వాడుతరు. అది కూడ యాసిడే, హైడ్రోక్లోరిక్ కంటే మెత్తటిది అంతే. రాత్రంతా నింపి పెట్టుడు తప్పు. సున్నం బాగా పేరుకున్న రేడియేటర్‌ను విప్పి, రేడియేటర్ పని తెలిసిన షాపులో ఇయ్యుడు మేలు. పాత రేడియేటర్‌లో ఆ సున్నమే రంధ్రాన్ని మూసి పట్టుకొని ఉండొచ్చు. సున్నం పోతే నీళ్లు కారుతయి. ఈ మాట పని మొదలుపెట్టే ముందే బండి ఆసామికి చెప్పాలె.

ఇగ గాలి దారిలో కొట్టే స్ప్రేలు. పెట్రోలు బండి థ్రాటిల్ బాడీకి థ్రాటిల్ క్లీనర్ వాడండి. నేరుగ లోపట కొట్టకుండ గుడ్డ మీద కొట్టి తుడవండి, అంచు దగ్గర మసికి మెత్తటి బ్రష్షు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రెక్కను వేలుతో బలవంతంగ నెట్టొద్దు, వెనుక ప్లాస్టిక్ పళ్ల చక్రాలు ఉంటయి. విప్పి బల్ల మీద పెట్టి, మోటార్ భాగం పైకి ఉండేటట్టు పట్టుకొని చేస్తే మందు మోటార్‌లోకి దిగదు. మసి పోయినాక గాలి దారి మారతది, ఐడిల్ పెరుగుడు తగ్గుడు చేస్తది. స్కానర్‌తో ఐడిల్ లెర్నింగ్ చేస్తే కుదురుకుంటది.

గాలి సెన్సర్‌కు, అంటే మాఫ్ సెన్సర్‌కు, దాని క్లీనర్ తప్ప ఇంకేదీ తగలొద్దు. లోపట వెంట్రుక లెక్క సన్నటి వేడి తీగె ఉంటది. కార్బ్ క్లీనర్ దాని పూతను, ప్లాస్టిక్‌ను తింటది. గుడ్డ, బ్రష్షు, చెవి పుల్ల కూడ తగలొద్దు. దూరం నుంచి కొట్టి, 15 నిమిషాలు తనంతట ఆరనిచ్చి, అప్పుడు కప్లర్ పెట్టండి. తడి మీద ఇగ్నిషన్ వేస్తే ఆ వేడి తీగె దగ్గరే అంటుకోవచ్చు.

నడిచే ఇంజన్‌లో కొట్టే స్ప్రేలకు ఒక లెక్క చెప్త. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్. ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ 10కి 1 అయితే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగ 33 సీసీ. గాలి నలుగుతది, ద్రవం నలగదు. రెండు పెద్ద చెంచాల మందు, అంటే దాదాపు ఆ జాగంత, ఒక్క సిలిండర్‌లో చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగుతది. అందుకే ఒకటి రెండు సెకండ్లు కొట్టి ఆపాలె, ఇంజన్ కోలుకున్నాకే మళ్ళ. మానిఫోల్డ్ పల్లంలో మందు నిలబడుతదేమో చూడాలె.

డీజిల్ బండికి ఇది అసలే వద్దు. డీజిల్ ఇంజన్‌కు గాలి దారిలో ఏ మండే ద్రవం ఇచ్చినా ఇంధనంగ తీసుకుంటది. మీరు తాళం తీసినా ఆగదు, చేతులు దాటిపోయి తిరుగుతది, ఇంజన్ పగిలేదాకా. హీటర్ ప్లగ్గులు వేడిగ ఉన్నప్పుడు ఈథర్ స్ప్రే కొడితే గాలి దారిలోనే పేలుతది. ఈజీఆర్ వాల్వు (కొంత పొగను మళ్ళ ఇంజన్‌లోకి పంపేది), మానిఫోల్డ్ మసి పట్టినయా? విప్పి, బయట పెట్టి కడిగి, ఎండబెట్టి, కొత్త గాస్కెట్‌తో పెట్టండి. దగ్గర దారి లేదు.

ఇంకో చిన్న మాట. సిలికాన్ ఉన్న స్ప్రే, మెరుపు కోసం కొట్టేది, గాలి పీల్చే చోట కొట్టొద్దు. అది కాలి ఇసుక పొరలెక్క ఆక్సిజన్ సెన్సర్ మీద కూర్చుంటది.

ఆయిల్‌లో పోసే ఇంజన్ ఫ్లష్. ఆయిల్ క్రమంగ మార్చుకునే బండికి దీని అవసరం లేదు. మార్చని బండికి ఇది ప్రమాదం. ఈ రెండింటి మధ్యన దీనికి పని చాలా తక్కువ, అదే నా అభిప్రాయం. ఎందుకు ప్రమాదమంటే, ఏండ్ల జిడ్డు మెల్లగ కరగదు, పెచ్చులుగ ఊడుతది. ఆ పెచ్చులు పోయి ఆయిల్ చాంబర్‌లోని స్ట్రైనర్ జాలికి అడ్డం పడతయి. పంపుకు ఆయిల్ అందదు, ఎర్ర లైటు వెలుగుతది, అప్పటికే బేరింగులు పొడి మీద తిరిగినయి. వాడాల్సి వస్తే పాత ఆయిల్‌లోనే, ఇంజన్ వేడిగ ఉన్నప్పుడు, మామూలుగ 300 మిల్లీలీటర్ల సీసా, రాసినంతే. ఐడిల్ మీద 10 నిమిషాలు. రేసు ఇయ్యొద్దు, రోడ్డు మీదికి తీయొద్దు. ఎర్ర లైటు మిణుకుమంటే వెంటనే ఆపండి. వేడి మీదనే దించి, ఫిల్టర్ మార్చి కొత్త ఆయిల్ పొయ్యండి. ఫిల్టర్ మార్చకుంటే చేసిన పనంతా కొత్త ఆయిల్‌లో కలిసినట్టే. లీటరు డీజిల్ పోసి తిప్పుడు వద్దు. ఆయిల్ పల్చబడి బేరింగు మీద పొర నిలవదు, దించినాక కూడ మూలల్లో కొంత మిగిలిపోతది.

జిడ్డు పట్టిన ఇంజన్‌కు నేను చెప్పేది: కంపెనీ చెప్పిన గ్రేడు మంచి ఆయిల్ పోసి, 1500 నుంచి 2000 కిలోమీటర్లకే ఫిల్టర్‌తో సహా మార్చండి, రెండు మూడు విడతలు. ఆయిల్‌లో ఉండే డిటర్జెంట్ మెల్లగ తెస్తది. మెల్లగ రావాలనే మన కోరిక.

ట్యాంకులో పోసే ఇంజెక్టర్ క్లీనర్ గురించి ఎక్కువ చెప్పను. ట్యాంకు లెక్కకు సీసా లెక్క సరిపోవాలె, రెండు సీసాలు పోస్తే రెట్టింపు శుభ్రం కాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు బండ్లల్ల పెట్రోలు కవాటాల మీది నుంచి పోదు గనుక వాటి మసిని ట్యాంకు మందు తియ్యలేదు.

ఇగ మన ఒంటి సంగతి. గ్లౌజులు నైట్రైల్‌వి కొనండి. దవాఖానలో వాడే లేటెక్స్ గ్లౌజు పెట్రోలు తగిలితే ఉబ్బి చిరుగుతది. కళ్లద్దాలు పక్కలు మూసినవి ఉండాలె, బండి కింద పడుకొని చేసేటప్పుడు మరీ. మొఖానికి కట్టే దస్తీ దుమ్మును ఆపుతది, ఆవిరిని ఆపదు. ఆవిరికి బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలె, లేకుంటే ఆరుబయట, గాలికి వీపు పెట్టి పని చెయ్యాలె. బ్రేక్ క్లీనర్ ఆవిరి ఎక్కువైనప్పుడు తల తిరుగుడు ఒక్కటే కాదు. కాలిఫోర్నియాలో కార్ల మెకానిక్కులకు చేతులు, కాళ్లు తిమ్మిరెక్కే నరాల జబ్బు వచ్చింది, కారణం వాళ్లు రోజూ వాడిన క్లీనర్లలోని హెక్సేన్. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2001లో దాన్ని ప్రచురించింది. డబ్బా మీద హెక్సేన్ అని ఉంటే వేరేది అడగండి. మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే కూడ. అది ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గ మారతది. పేరులో క్లోరో ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన భాగాన్ని వెల్డింగ్ చెయ్యొద్దు, ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడతది. పూర్తిగ ఆరినాక కూడ సందుల్లో మిగిలిందేమో చూసుకోవాలె.

స్ప్రే డబ్బాలు 50 డిగ్రీలు దాటకుండ పెట్టాలెనని మీదనే రాసి ఉంటది. ఎండలో నిలబెట్టిన కారు లోపట 60 దాటుతది. డ్యాష్‌బోర్డు మీద, డిక్కీలో డబ్బా మర్చిపోవద్దు. అయిపోయిన డబ్బాకు రంధ్రం పెట్టొద్దు, మంటలో వెయ్యొద్దు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే అలవాటు, మిగిలిన మందును, గ్యాస్‌నూనెను తాగే నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టుడు. ఇంటి వెనుక షెడ్డు ఉన్న చోట పిల్లలు తిరుగుతరు. తాగితే కక్కించొద్దు. కక్కేటప్పుడు గ్యాస్‌నూనె ఊపిరితిత్తుల్లోకి పోతది, చంపేది అదే. 108కి ఫోన్ చేసి, డబ్బాతో సహా తీసుకపోండి. కళ్లలో పడితే రెప్పలు ఎత్తి పట్టుకొని 15, 20 నిమిషాలు ధారగ నీళ్లు, తర్వాత దవాఖాన. చెయ్యి కడుక్కోవడానికి పెట్రోలు వద్దు, ముందు కొబ్బరినూనెతో జిడ్డు నలిపి, తర్వాత సబ్బు.

సభలో నుంచి ప్రశ్న: సార్, వరి కోతల టైంల ఎలుకలు బండిలకు వచ్చి వైర్లు కొరుకుతున్నయి. ఇంజన్ మీద గ్యాస్‌నూనె చల్లితే రావంటరు, చల్లొచ్చా?

వద్దు అన్నా. వాసన ఒకటి రెండు రోజుల్లో పోతది, ఎలుక మళ్ళ వస్తది. నూనె మాత్రం హోసుల మీద, తీగెల తొడుగుల మీద మిగుల్తది, తెల్లారి ఇంజన్ వేడెక్కితే పొగ, ఒక్కోసారి మంట. బండిని గడ్డివాముకు, వడ్ల సంచులకు దూరంగ పెట్టండి, గాలి పీల్చే మూతులకు సన్నటి ఇనుప జాలి వెయ్యండి, బానెట్ కింద గూడు కనబడితే అదే రోజు తీసెయ్యండి.

ప్రశ్న: బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగ, పచ్చగ పొడి వస్తది, వేడినీళ్లు పోస్తం. మంచిదేనా?

వేడినీళ్లకు పొడి పోతది, యాసిడ్ కింది ట్రే మీదికి కారి ఇనుమును తింటది. గ్లాసు నీళ్లకు ఒక పెద్ద చెంచా తినే సోడా కలపండి. నెగిటివ్ ముందు విప్పాలె, బిగించేటప్పుడు నెగిటివ్ చివర. సెల్ మూతలు బిగించి ఉన్నయో లేదో చూసి, బ్రష్షుతో రాయండి. నురుగు ఆగేదాకా. సోడా నీళ్లు సెల్ లోపటికి పోతే లోపలి యాసిడ్ చచ్చిపోతది. తర్వాత మంచి నీళ్లతో కడిగి, తుడిచి, బిగించి, పైన వ్యాజిలిన్ రాయండి.

ప్రశ్న: కడిగిన నీళ్లు, దించిన కూలెంట్ ఎక్కడ పొయ్యాలె? షెడ్డు ముందర మోరీనే ఉన్నది.

మోరీ పోయేది చెరువులోకి, చెరువు దిగేది మన బోర్లలోకి. ఏండ్ల తరబడి మంచి నీళ్ల కోసం కొట్లాడిన జిల్లా మనది. పాత ఆయిల్ వేరే డ్రమ్ములో, కూలెంట్ వేరే డబ్బాలో పెట్టండి. రెండూ కలిస్తే పాత ఆయిల్ కొనేటోళ్లు కూడ తీసుకోరు. పాత ఆయిల్‌ను 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద రిజిస్టర్ అయిన రీసైక్లర్లకే ఇయ్యాలె. కూలెంట్ గ్లైకాల్ తియ్యగ ఉంటది, కుక్కలు, లేగదూడలు నాకి కిడ్నీలు పోయి చస్తయి. దించిన తొట్టిని ఒక్క నిమిషం కూడ మూత లేకుండ నేల మీద వదలొద్దు. డీగ్రీజర్‌తో కడిగే నీళ్లకు షెడ్డు మూలన సిమెంటు గుంత ఒకటి, దానికి మధ్యలో అడ్డుగోడ, గోడకు కింద దారి. ఆయిల్ మొదటి భాగంలో పైన తేలి ఆగుతది, నీళ్లు కింద నుంచి అవతలికి పోతయి. కాని డీగ్రీజర్ ఆయిల్‌ను నీళ్లలో కలిపేస్తది గనుక వెంటనే విడిపోదు, గుంత ఒక రోజన్నా నిలబెట్టే సైజులో ఉండాలె. తేలిన ఆయిల్ తీసి డ్రమ్ములో పొయ్యండి, అడుగు బురద మోరీలో వెయ్యొద్దు. గుంత కొలతలు రాసుకోవాలంటే ముందుకు రండి, రోజుకు ఎన్ని బండ్లు కడుగుతరో చెప్పండి, బోర్డు మీద లెక్క వేసి చూపెడత.